కుల్సుం అక్క పైమన్ను

12 మే 1988

కుల్సుం అక్క చేలో రాయి అయిపోయింది. ఇక క్వారీ మూసేయడమే అని మేస్త్రీ వచ్చి చెప్పాడు.

మూసేయడమంటే తాళం వేసి రావడం కాదు. గుంత పూడ్చాలి, పైన నల్లమన్ను పరవాలి, చేనును చేనుగా అప్పజెప్పాలి. లీజు కాయితంలో ఆ ముక్క రాయించింది నేనే. అమ్మిన ప్రతి లారీకీ ఇంత అని పూడ్చే ఖర్చు కింద విడిగా తీసిపెట్టే పద్ధతి పెట్టిందీ నేనే. రాయి తవ్విన రోజే గుంత ఖర్చు కూడా పుట్టింది సార్, తర్వాత చూద్దాం అంటే కుదరదు అని మా ఓనర్ చెన్నకేశవులు గారితో వాదించాను. మాచర్ల చుట్టుపక్కల ఇట్లా ప్రొవిజన్ పెట్టిన అకౌంటెంట్ నేనొక్కణ్ణే. నరసరావుపేట ఆడిటర్ వీపు తట్టాడు కూడా. కొంచెం గర్వంగానే ఉంది, ఉంటే ఏం?

కుల్సుం అక్క మా వీధే. మొగుడు ఖాసిం పోయాక దుర్గి రోడ్డులోని ఆ రెండెకరాలూ లీజుకిచ్చింది. మళ్ళీ నేల నేలగా వస్తదా తమ్ముడూ అని నన్నే అడిగింది. నాదీ పూచీ అన్నాను. తవ్వే ముందు పైమన్ను గీకించి గట్టున విడిగా కుప్ప పోయించాను. ఆ కుప్ప మీద ఏటా బుడంకాయ తీగ పాకుతుంది.

20 మే

చెన్నకేశవులు గారు లోపలికి పిలిచారు. ప్రొవిజన్ డబ్బు లేదట. పుస్తకంలో ఉంది గానీ బ్యాంకులో లేదు. కొత్త క్వారీ మెషిన్లకు వాడేశారు. గుంత పూడ్చినట్టు, ఖర్చయినట్టు రాసెయ్యమన్నారు. నేను కుదరదన్నాను. ఆయనకు కోపం రాలేదు. వచ్చినా బాగుండేది.

టీ తెప్పించారు. ఏందయ్యా గోపాలరావూ, మీ వాగు పక్క చేను అంతా గులక రాళ్ళేగా, మిరప ఏం కాస్తది అన్నారు. ఆ గట్టున మన్ను ఊరికే పడుంది, తోలుకో, ట్రాక్టర్లు నావి, డీజిల్ నాది అన్నారు.

రేపు చెప్తానని వచ్చాను.

21 మే

మా ఆవిడ రంగనాయకమ్మతో చెప్పాను. నిర్ణయించుకునే ఇంటికొచ్చావు, మళ్ళీ నన్నడగడం దేనికి అంది. ఒళ్ళు మండింది. నిజమే కాబట్టి.

23 మే

పొద్దున్నుంచీ మా చేలోకి మన్ను ట్రాక్టర్లే. కుల్సుం అక్క ఊళ్ళో లేదు, వినుకొండలో కూతురి కాన్పుకు పోయింది, వానలు పడ్డాక గానీ రాదు. అన్నం సయించలేదని రాస్తే అబద్ధం. గోంగూర పచ్చడి మారు వడ్డించుకుని తిన్నాను.

24 మే

వోచర్లు రాశాను. కూలీలు, బుల్డోజర్ అద్దె, అన్నీ దొంగవే. ఒక్కటి మాత్రం నిజం: పైమన్ను తరలింపు, డీజిల్. తరలించాం కదా. ఎక్కడికో రాయడానికి వోచర్లో కాలమ్ లేదు.

16 ఆగస్టు

గుంత నిండా నీళ్ళు. కుల్సుం అక్క సరాసరి ఆఫీసుకే వచ్చింది. గట్టున కుప్ప కనపళ్ళేదే అని అడిగింది. పూడ్చింది వానలకు కుంగింది అక్కా, మన్ను లోపల పరిచేశాం, నీళ్ళ కిందుంది అన్నాను. నోరు తడబడనైనా లేదు. సిగ్గులేని నోరు.

సందేహమొస్తే మొహం చూసైనా కనిపెట్టేది. నువ్వు చెప్పాక ఇంకేంది తమ్ముడూ అంది. మనవరాలు పుట్టిందని చేతిలో ఖర్జూరాలు పెట్టి పోయింది. అవి డ్రాయర్లోనే ఉన్నాయి.

4 డిసెంబర్

మిరప నడుమెత్తు లేచింది. రోడ్డున పోయేవాళ్ళు సైకిళ్ళాపి చూస్తున్నారు. ఏం ఎరువేశావని పక్క చేను గులాం మొహిద్దీన్ అడిగాడు. నవ్వి ఊరుకున్నాను. చెట్ల మధ్యన బుడంకాయ తీగలు. మా చేలో అవి ఏనాడూ మొలవలేదు.

19 జనవరి 1989

మిరపకాయ కోతకు మనుషుల్ని రంగనాయకమ్మే మాట్లాడింది. పదకొండింటికి నేను చేలోకి వెళ్ళేసరికి గంపెత్తుకుని సాలులో కుల్సుం అక్క. తన మన్నులో తను కూలికొచ్చింది!

అన్నాలప్పుడు ఒక బుడంకాయ తుంచి కొరికింది. ఆగింది. అచ్చం మా చేలోదే తమ్ముడూ, చానా చోట్ల చేదుంటది, మాది ఉండదు, ఖాసిం వాళ్ళమ్మ నకరికల్లు నుంచి తెచ్చిన ఇత్తనం అంది. ఇప్పుడు అడిగేస్తుంది అనుకున్నాను. పిట్టలు తెచ్చి వేసుంటయిలే అని తనే నవ్వేసింది. పండిన కాయలు రెండు పిండి గింజలు కొంగున ముడేసుకుంది. ఎండాకాలం నీళ్ళు తీసినాక నా చేలో చల్లుకుంటా అంది.

ఎత్తిపొడుపేమో అని పొద్దుగూకేదాకా ఆలోచించాను. కాదు. ఛీ, ఎత్తిపొడిచినా తట్టుకునేవాణ్ణి.

20 జనవరి

చేలోకి పోలేదు. జ్వరమని చెప్పాను.

11 మార్చి

చెన్నకేశవులు గారి దగ్గరికెళ్ళి కనీసం సగమైనా పూడుద్దాం సార్ అన్నాను. ముందు నీ చేలోది ఎత్తిపొయ్యి, మిగతాది నేను చూస్తా అన్నారు. ఎత్తిపోస్తాను అనొచ్చు. ఆ ఒక్క మాటతో అయిపోయేది. మిరప పంటతో ఇంటి మీద స్లాబు వేద్దామని రంగనాయకమ్మ ఇటుకలు కూడా దింపించింది. సరే సార్ అని తలూపి వచ్చాను.

31 మార్చి

క్వారీ మూసినట్టు మైన్స్ ఆఫీసుకు రిపోర్టు పోయింది. ప్రొవిజన్ ఖాతా సున్నా. కింద నా సంతకం. ఎప్పటిలాగే గుండ్రంగా వచ్చింది.

27 ఏప్రిల్

పక్క రైతులు ఆయిల్ ఇంజన్లు పెట్టి గుంతలో నీళ్ళు తోడుకున్నారు. అడుగు బయటపడింది. బండ. ఉత్త బండ.

కుల్సుం అక్క లోపలికి దిగి ఆ మూల నుంచి ఈ మూలకి నడిచిందట. చేత్తో తడిమి చూసిందట. మేస్త్రీ చెప్పాడు.

28 ఏప్రిల్

పొద్దున్నే వచ్చింది. నేను పళ్ళు తోముకుంటున్నాను. అరుగు మీద చిన్న గుడ్డమూట పెట్టింది. బుడంకాయ గింజలు. ఇవి మీ చేలోయి, నాకు చల్లడానికి చోటు లేదు అంది. అరవలేదు, ఏడవలేదు. ఇన్నేళ్ళుగా తమ్ముడూ అని పిలిచిన మనిషి, మెట్లు దిగుతూ వస్తానండీ అంది.

నోరు కడుక్కుని మూట తీసి లోపల పెట్టాను.

14 జూన్

తొలకరి పడింది. మూట విప్పనే లేదు. అయినా చేనంతా బుడం మొలకలే. కలుపుకు మనుషుల్ని పిలవనా అని రంగనాయకమ్మ అడిగింది.

ఎవర్ని పిలుస్తాం?