లోడు పెట్టి చూస్తే

మావయ్యగారూ,

మీరు పోయి నేటికి ఏడాది. పొద్దున్న మామిడికుదురులో తెలిసిన రైతు తన రొయ్యల చెరువు మోటారు తిరగడం లేదంటే వెళ్లాను. మీటరు సరిగ్గానే రెండు వందల ముప్పై వోల్టులు చూపించింది. మీ మాట గుర్తొచ్చింది.

"ఉత్తినే కొలిస్తే తెలీదు అల్లుడుగారూ, లోడు పెట్టి చూడండి."

మీరలా అన్న రోజు పదిమందిలో నవ్వాను. "పాలిటెక్నిక్‌లో చెప్పేవాడికి మోటారు మెకానిక్ పాఠాలా?" అన్నాను. మీరు "ఆయ్" అని తల దించుకున్నారు.

ఇవాళ స్విచ్చి వేసి కొలిచాను. మోటారు కరెంటు లాగగానే వోల్టేజీ నూట నలభైకి పడిపోయింది. తుప్పు పట్టిన జాయింటు దగ్గరే మిగతాదంతా పోతోంది. శుభ్రం చేసి బిగిస్తే మోటారు తిరిగింది.

"భలే పట్టేరండీ! ఎవరు నేర్పేరు?" అని రైతు అడిగాడు.

"కాలేజీలో చదివిందేనండీ" అన్నాను.

మీ పేరు చెప్పడానికి ఇవాళ కూడా నాకు నోరు రాలేదు.