సీలు తీయని సీసా

మంగళవారం రాత్రి, నరసరావుపేట

ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది. చీరల షాపు హోర్డింగు కోసం ఇవాళ ఫొటో షూట్. మేకప్ నాది. మోడల్‌గా ముప్పాళ్ళ నుంచి దివ్య అనే డిగ్రీ పిల్ల వచ్చింది. చామనఛాయ, కళగల ముఖం. ఆమె మెడ రంగులో కలిసిపోయే ఫౌండేషన్ సీసా చేతిలోకి తీసుకున్నానో లేదో, షాపు ఓనరు వచ్చి నిలబడ్డాడు.

"ఏందమ్మా, నలుపు మీద మళ్ళా నలుపే పూస్తావా? తెల్లగా చెయ్. నల్లగా ఉంటే మా చీరలు ఎవురు కొంటారు?"

ఆ పిల్ల ముందే అన్నాడు. నేనేమన్నాను? "సరేనండీ" అన్నాను. సీసా పక్కన పెట్టి, రెండు షేడ్లు తెల్లది పూశాను. లైట్లు వేసేసరికి ముఖం బూడిద పూసినట్టు తేలింది. చేతులు మాత్రం వాటి రంగులోనే ఉన్నాయి. అప్పుడు ఆ పెద్దమనిషే అందరి ముందూ నాకు పని రాదన్నాడు.

దివ్య ముఖం తుడుచుకుంటూ, "మా అమ్మకి ఫొటో పంపుదామనుకున్నా అక్కా. వద్దులే," అంది.

ఆ ఓనర్ని నోరారా తిట్టుకుంటూ ఇంటికొచ్చి మేకప్ పెట్టె సర్దుతుంటే, పొద్దున పక్కన పెట్టిన సీసా కనబడింది. ఐదేళ్ళ కిందట ఈ పని మొదలుపెట్టినప్పుడు కొన్నది. సీలు కూడా తీయలేదు. వాడాల్సిన గడువు ఎప్పుడో దాటిపోయింది. తెల్ల షేడు సీసాలు ఎన్ని అయిపోయాయో లెక్కే లేదు.

ఇన్నాళ్ళూ ఈ ఊరి ఆడపిల్లలందరికీ అదే పూశాను. ఇవాళ్టిదాకా అలా పూయమని నాకు ఏ ఓనరూ చెప్పలేదు.