ఊరికే

బుధవారం, రాత్రి

టైలర్ మస్తాన్‌ను పోలీసులు తీసుకుపోయి ఇది రెండో రాత్రి. థర్మల్ ప్లాంటు బూడిద లారీలు ఊళ్లోంచి తిరగొద్దని రోడ్డు మీద నిలబడి మాట్లాడినందుకే తీసుకుపోయారని ముత్తుకూరులో అందరికీ తెలుసు. స్టేషన్లో మాత్రం అలాంటి మనిషే తమ దగ్గర లేడంటున్నారు. రేపు లాయరు గారు హైకోర్టులో పిటిషన్ వేయాలంటే మస్తాన్ భార్య షమీమ్ వాంగ్మూలం కావాలి. లారీలు ఆపాలని ఊళ్లో పెట్టుకున్న మా కమిటీలో రాసే పని నాది.

ఆమె చెప్పింది రాసుకుని, చదివి వినిపించాను. "విచారణ నిమిత్తం తీసుకువెళ్లారు" అన్న చోట ఆపింది.

"విచారణంటే ఏందన్నా?"

"ఏదన్నా కేసుంటే అడిగి తెలుసుకునేదమ్మా."

"కేసెక్కడిది? ఊరికే రా, మాట్లాడి పంపిస్తాం అన్నారు. ఆయన చొక్కా కూడా మార్చుకోలా. కేసు మీరే పెట్టేస్తే ఇంక వాళ్లకేం పనన్నా?"

పక్కనున్న మస్తాన్ వాళ్లమ్మ ఏడుస్తూనే నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. తర్వాత భయం వేసింది. నాది పేపర్లు చదివి నేర్చుకున్న తెలుగు. మర్యాదగా ఉంటుందని ఆ మాట దానంతటదే చేతికి వచ్చేసింది. వాళ్లు చెప్పని కారణాన్ని వాళ్ల తరఫున నేను రాసిపెట్టాను. ఇదివరకు రాసిన వాటిల్లోనూ ఇలాగే ఎక్కడైనా...

ఆ వాక్యం కొట్టేసి, "ఊరికే రమ్మని తీసుకుపోయారు" అని రాశాను. షమీమ్ సంతకం చేసింది.

నేను బయలుదేరుతుంటే తలుపు దగ్గరగా వేసింది కానీ గడియ పెట్టలేదు. పెట్టుకోమన్నాను.

"ఊరికే పోయిన మనిషి కదన్నా, ఎప్పుడన్నా వస్తాడు" అంది.