దాచితే తరిగిపోయే మందు

చెల్లెమ్మా,

ఎడారిలో దేవుడు ఏ రోజుకారోజు కురిపించిన మన్నా ఆహారాన్ని మర్నాటికి దాచుకున్నవాళ్లకు పురుగులు తప్ప ఏం మిగిలింది? నీ థైరాయిడ్ క్యాన్సర్‌కు తెప్పించిన రేడియోధార్మిక అయోడిన్ మందును నలభై రోజుల ఉపవాసం ముగిశాకే మింగుతానని పట్టుబట్టావు. ఆ ఉపవాసం పెట్టించింది పాస్టరునైన ఈ అన్నయ్యే, తప్పు నాదే.

ఇవాళ పొద్దున్నే ఆసుపత్రికి వెళ్లి, "సీసం డబ్బాలో పెట్టి తాళం వేయండమ్మా, మా చెల్లి వస్తుంది" అన్నాను. మందిచ్చే అమ్మాయి నవ్వింది.

"తాళం దొంగల్ని ఆపుతుంది గానీ దీన్ని ఆపుతుందా అయ్యగారూ? ఎనిమిది రోజులకోసారి సగం తరిగిపోతుంది. నలభై రోజులకు మిగిలేది ముప్పై రెండో వంతే."

పరమాణువుకు ఆ నియమం పెట్టింది దేవుడే. నా ప్రార్థన కోసం ఆయన దాన్ని మార్చడు. మళ్లీ తెప్పించడానికి రెండు నెలలట. జబ్బు అన్నాళ్లు ఆగదు. ఉపవాసం నేనే విడిపిస్తున్నాను. ఈ ఉత్తరం తెచ్చిన బండిలోనే ఎక్కు. మందు ఈ రోజే మింగు!