బెరడు కింది రాణులు

డిసెంబర్ 8, ఆదివారం. కిరండూల్

మూడు దొరికాయి! మూడూ రాణి చీమలే!

దేవేతో కలిసి వాగు వైపు వెళ్ళాను. దేవే మా క్లాసే, చింతలనార్ దగ్గర ఊరు, ఇక్కడ హాస్టల్లో ఉంటుంది. కూలిపోయిన చెట్టుకి బెరడు లాగితే కింద చలికి బిగుసుకుని, ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. రెక్కలు లేవు. చుట్టూ ఒక్క కూలి చీమ లేదు. నేను ఎగిరి గంతేశాను. దేవే మాత్రం, "ఏంది, గింత సంబురం? ఇవి చట్నీకి గూడ రావు" అంది. వాళ్ళ ఊళ్ళో ఎర్రచీమల చట్నీ చేస్తారు మరి.

టెస్ట్‌ట్యూబుల్లో నీళ్ళు పోసి, దూది పెట్టి, ఒక్కో రాణిని ఒక్కోదాంట్లో ఉంచాను.

డిసెంబర్ 9

ఫోన్‌లో చాలా చదివాను. నావి పేరసైట్ రాణులే అయి ఉండాలి. ఇలాంటి రాణి తన పిల్లల్ని తను పెంచుకోలేదు. వేరే జాతి చీమల పుట్టలో దూరి, వాటి వాసన ఒంటికి పూసుకుని, అక్కడి రాణిని చంపి ఆ చోట్లో కూర్చుంటుంది. ఆ చీమలే దీని పిల్లల్ని పెంచుతాయి. చలికాలం అయ్యేదాకా చల్లగా ఉంచాలట.

ఒక్కదాన్నయినా బతికించి తీరతాను.

చల్లటి చోటంటే ఫ్రిజ్. ఫ్రిజ్ ఇప్పుడు పిన్నిది. అమ్మ పోయిన రెండేళ్ళకి, అంటే ఈ అక్టోబర్‌లో, నాన్న బొబ్బిలి నుంచి స్వర్ణ పిన్నిని పెళ్ళి చేసుకుని తెచ్చాడు. ఇంతవరకూ ఆవిణ్ణి నేను ఏదీ అడగలేదు. ఇవాళ అడగాల్సి వచ్చింది. ఆవిడకి పురుగులంటే భయం. అయినా పెరుగు గిన్నె జరిపి చోటు ఇచ్చింది. "మూత గట్టిగా ఎట్టమ్మా. పెరుగులో పడితే మీ నాన్న ఊరుకుంతారేటి" అంది.

డిసెంబర్ 15

నాన్న గూడ్స్ బండి డ్యూటీ దిగి వచ్చాడు. అన్నం తింటూ ఫ్రిజ్‌లో అవేంటని అడిగాడు. చెప్పాను. పరాయి ఇంట్లో దూరడం, తల్లిని చంపడం, ఆమె చోట్లో కూర్చోవడం. అంతా చెప్పి, పిన్ని వైపు చూసి, "మనుషుల్లోనూ ఉంటారు" అన్నాను.

నాన్న కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు. పిన్ని వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పింది. నీళ్ళు పోతూనే ఉన్నాయి. గిన్నెల చప్పుడు మాత్రం లేదు.

డిసెంబర్ 16

సారీ చెప్పలేదు. చెప్పను.

డిసెంబర్ 29

తొందరపడ్డాను. రాణులు దొరికిన చోట తిరిగే నల్లచీమలే మా పెరటి గోడ పగుల్లోనూ ఉన్నాయి. కొన్నిటిని పట్టి మొదటి రాణి దగ్గర వదిలాను. తలో కాలూ పట్టుకుని లాగేశాయి. విడిపించేలోగా అయిపోయింది.

ఏడ్చాను. కానీ మానను.

జనవరి 5

దూదికి బూజు పట్టి రెండోదీ పోయింది. ఇక ఒక్కటే.

జనవరి 12

మళ్ళీ చదివాను. పెద్ద చీమల్ని పెట్టకూడదు. ప్యూపాలు పెట్టాలి. అవి పిల్ల చీమలు నిద్రపోయే తెల్లటి సంచులు, బియ్యపు గింజల్లా ఉంటాయి. అందులోంచి వచ్చే చీమకి మొదట తగిలిన వాసనే ఇల్లు. గోడలో ప్యూపాలు కనిపించేదాకా ఆగాలి. ఆగుతాను.

పిన్ని వచ్చి ట్యూబు చూసింది. ఆ రోజు తర్వాత తనంతట తను మాట్లాడడం ఇదే.

"తనే కట్టపడి పెంచుకోలేదేటి ఇది?"

దాని ఒంట్లో అంత శక్తి లేదని చెప్పాను. పిన్ని ట్యూబు వైపే చూస్తూ అంది: "మీ అమ్మ సోటు నాకొద్దమ్మా. ఈ ఇంట్లో నాకంటూ ఓ సోటుంటే సాలు."

ట్యూబు ఆవిడ చేతికిచ్చాను. రెండు వేళ్ళతో, ఒంటికి దూరంగా పట్టుకుంది.

జనవరి 22, బుధవారం

మలేరియా మందు కొట్టేవాళ్ళు వచ్చారు. పెరటి గోడకి కొడితే అన్నీ చస్తాయి. నేను నోరు తెరిచేలోగా పిన్ని గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఆవిడకి ఇక్కడి హిందీ రాదు. "అందర్ బచ్చా హై! పీఛే నై, నై!" అని చేతులు ఊపేసింది. లోపల చిన్నపిల్ల ఉంది, వెనక వద్దు అని. వాళ్ళలో ఒకాయన ఆవిడ వెనక నిలబడ్డ నన్ను చూశాడు. ఆవిడకన్నా బెత్తెడు ఎత్తున్నాను. నవ్వి, ముందు గదులకి కొట్టి, పెరటి గోడ వదిలేశాడు.

వెళ్ళాక అడిగాను, బచ్చా ఎవరని. "నాకొచ్చిన నాలుగు ముక్కల్లో అదొకటి" అంది.

అప్పుడు చెప్పాను, సారీ.

జనవరి 26

పగుల్లో ప్యూపాలు కనిపించాయి! నేను చెంచాతో తీస్తుంటే పిన్ని పళ్ళెం పట్టుకుంది. ఆవిడ వేలిని ఒక చీమ కుట్టింది. "ఓలమ్మో" అంది గానీ పళ్ళెం వదల్లేదు. కొన్నే తీసుకున్నాం. మిగతావి వాటికే ఉంచాం. తీసినవాటిని మూడో రాణి ట్యూబులో పెట్టి, ఫ్రిజ్‌లో కాకుండా కిటికీ దగ్గర ఉంచాను.

ఫిబ్రవరి 9

విచ్చుకున్నాయి. పాలిపోయిన రంగు, తడబడే కాళ్ళు. ఒకటి రాణి దగ్గరికి వెళ్ళి మీసాలతో తడిమింది. లాగలేదు. కరవలేదు. రాణి నోటికి నోరు ఆనించి మేత పెట్టింది!

స్కూల్లో దేవేకి చెబితే నమ్మలేదు. "ఏంది, నిజమేనా?" అంటూ సాయంత్రం వచ్చి చూసి వెళ్ళింది.

మార్చి 2

గుడ్లు.

పిల్ల చీమలు వాటిని నోట కరుచుకుని తిరుగుతున్నాయి. కిటికీ దగ్గర ఒకటే స్టూలు. పిన్నీ నేనూ సర్దుకుని దాని మీదే కూర్చున్నాం.

పొయ్యి మీద పాలు పొంగాయి. ఎవరమూ లేవలేదు.