ఓడ మొదట, విమానం చివర

అక్కకి,

కుంటుకుంటూ వచ్చి కుర్చీలో కూలబడి రాస్తున్న ఉత్తరం ఇది. ఫోన్ చేస్తే బస్సు హారన్లకి అరిగిపోయిన నీ చెవికి సగమే ఎక్కుతుంది, ఆ సగం కూడా నీకు కావలసినట్టు ఎక్కుతుంది. అందుకే కాగితం మీద పెడుతున్నాను. వచ్చే నెల పదహారున నా కుడి మోకాలికి ఆపరేషన్. లోపలికి తీసుకెళ్ళేటప్పుడు నువ్వు పక్కన ఉండాలి. నాకు భయంగా ఉంది. మీ మరిది ఉన్నారు కదా అంటావేమో, ఆయన సూది చూస్తేనే గోడకి ఆనుకుంటారు. కిందటిసారి రక్తం తీసింది నాకు, మంచం వేసింది ఆయనకి.

ఈ దేశంలోకి రావడానికి రెండు దారులు. రాజధానికి విమానం, లేదంటే రేవుకి ఓడ. ఎక్కడ దిగినా మా ఊరికి నాలుగు గంటలు పడుతుంది. రాజధాని నుంచి రైలు, రేవు నుంచి బస్సు. ఊళ్ళో తిరగడానికి ట్రామ్ ఉంది. ఎటు నుంచి వస్తావో రాసెయ్యి, మిగతాది మేం చూసుకుంటాం.

ఎదురుచూస్తూ,
నీ చెల్లి

తా.క. మేముండేది మూడో అంతస్తు. లిఫ్టు ఏడాదిగా పనిచేయడం లేదు. మీ మరిది లిఫ్టు మెకానిక్కే, కానీ ఇంటికొచ్చాక పని గురించి ఎత్తితే ఆయనకి ఒళ్ళు మండుతుంది.

---

చెల్లికి,

అక్క దీవెనలు. ఉత్తరం అందగానే కూర్చుని ప్రయాణం మొత్తం తేల్చేశాను. పది రోజులు సెలవు దొరికింది. పద్నాలుగున మీ దగ్గరుంటాను. ముప్ఫయ్యొక్క ఏళ్ళు డిపోలో ఎనభై బస్సులకి వేళలు వేసినదాన్ని, నా ఒక్కదానికి వేసుకోలేనా? డ్యూటీ షీటు ఎలా రాస్తామో అలాగే రాసి పంపుతున్నాను, నీకు తికమక ఉండదు.

1. ఓడ, ఉదయం 6.40
2. రేవు బస్సు, మధ్యాహ్నం 1.20
3. ఆస్పత్రి ట్రామ్, రోజూ
4. రాజధాని రైలు, మధ్యాహ్నం 12.50
5. విమానం, ఉదయం 11.15

దీన్ని గోడకి అంటించుకో. మరిదిగారికి కూడా చూపించు. నువ్వు భయపడకు, నేను వస్తున్నాను.

నీ అక్క

తా.క. షీటు మీద తేదీలు వేయలేదు. మా డిపోలో తేదీలు వేసేది కొత్తగా చేరినవాళ్ళే.

---

అక్కకి,

నీ షీటు గోడకి అంటించాం. నిన్నటి నుంచి ఇద్దరం దాని ముందే నిలబడి ఉన్నాం.

మొదటి సందేహం, ఓడ ఏమిటి? చిన్నప్పుడు ఉయ్యాల ఎక్కినా నీకు కడుపులో తిప్పేది. సరే, నీ ఇష్టం. రెండోది, పొద్దున ఆరూ నలభైకి ఓడ దిగి, ఒంటిగంటా ఇరవై బస్సు దాకా రేవులో ఏం చేస్తావు? అక్కడి బస్సుల వేళలు తనిఖీ చేస్తుందేమోనని మీ మరిది అంటున్నారు. మూడోది, పన్నెండూ యాభైకి రైలెక్కి పదకొండుంపావు విమానం ఎలా అందుకుంటావు? అంటే మర్నాటిదాకా రాజధాని స్టేషన్లో పడిగాపులా? ఆ ఒక్క రోజూ మా ఇంట్లోనే ఉంటే ఏం పోయింది?

ఏదైతేనేం, పద్నాలుగున మీ మరిది రేవుకి వస్తారు. నువ్వు బస్సు కోసం కాచుకోనక్కర్లేదు, తోటి మెకానిక్ వ్యాను అడిగి తెస్తున్నారు.

నీ చెల్లి

తా.క. ఆయన అట్టముక్క మీద నీ కోసం మన లిపిలో పెద్దగా ‘అక్కగారు’ అని రాశారు. ఆ రేవులో అది చదవగలిగేది నువ్వొక్కదానివే కాబట్టి, తప్పిపోయే అవకాశం లేదట.

---

చెల్లికి,

నీ వేళల లెక్కలు మూడుసార్లు చదివాను, తల తిరిగింది, పక్కన పెట్టేశాను. కానీ ఒకటి మాత్రం బాగా అర్థమైంది. పద్నాలుగున మరిదిగారు రేవులో వ్యాను పెట్టుకుని ఉంటారని రాశావు.

వచ్చిన రోజే నన్ను రేవుకి చేర్చేయాలని ఉంటే, అసలు పిలవడం ఎందుకే? ఆపరేషన్ పదహారున కదా. ఇల్లు చిన్నది, నేను అడ్డం అనుకుంటే సూటిగా చెప్పు, ఆస్పత్రి పక్కన ఏ లాడ్జిలోనో ఉంటాను. పొద్దున వచ్చి నీ చెయ్యి పట్టుకుని, సాయంత్రం పోతాను. మరిదిగారితో నాకేం తగవు లేదు, ఆయనకి నాతో ఏదైనా ఉందేమో కనుక్కో.

నేనైతే పద్నాలుగున వస్తున్నాను. షీటులో ఒక్క నిమిషం మారదు.

అక్క

తా.క. ‘అక్కగారు’ అని అట్ట కట్టి మరీ సాగనంపుతారని అనుకోలేదు. అయినా ఆయన దస్తూరి బాగుంటుంది.

---

అక్కకి,

నీకు మతి ఉండే రాశావా? నిన్ను సాగనంపేదెవరు? ఓడ దిగగానే ఇంటికి తెచ్చుకోవడానికి కదా వస్తున్నది! నీ ఉత్తరం చదివి మీ మరిది అన్నం ముందు నుంచి లేచిపోయారు. ‘నేనేం చేశాను మీ అక్కని’ అని రెండు రోజులుగా అదే మాట. మా ఇంట్లో నీకు మంచం వేసి, కిటికీకి కొత్త తెర కుట్టి, నీ దుప్పటి ఎండలో వేసి కూర్చున్నాను. లాడ్జి మాట ఇంకోసారి ఎత్తకు.

నీ షీటు మీద ఒకటో నంబరు ఎదురుగా ఓడ అని నువ్వే రాశావు. ఒకటి అంటే ముందు వచ్చేదే కదా. ఓడకే వస్తాం, నేను కూడా వస్తున్నాను. మోకాలు విరిగినా సరే. ఎక్కువ డబ్బు కట్టి ఈ ఉత్తరం తొందర తపాలాలో వేస్తున్నాను, నువ్వు బయలుదేరేలోగా అందాలి.

నీ చెల్లి

తా.క. ఆయన అట్ట మీద ‘అక్కగారు’ కింద ‘స్వాగతం’ అని కూడా చేర్చారు. మళ్ళీ ఏమైనా అనుకుంటావని దాని కింద ‘నిజంగా’ అని రాశారు.

---

చెల్లికి,

మీ మూడో అంతస్తు మెట్ల మీద, మీ తాళం ముందు కూర్చుని రాస్తున్నాను. సాయంత్రం ఆరయింది.

నీ ఉత్తరం నేను ఇంట్లోంచి బయటపడుతుంటే అందింది. విమానం గాల్లోకి లేచాక తెరిచాను. ‘ఒకటి అంటే ముందు వచ్చేదే కదా’ అన్న దగ్గర నా తప్పు తెలిసింది. డిపోలో డ్యూటీ షీటు కింద నుంచి పైకి నడుస్తుందే. బండి తిరిగి ఎప్పటికి డిపో లోపలికి చేరాలో ముందు రాస్తాం, అక్కడి నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ వెళ్ళి, బయటికి తీసే వేళ చివర రాస్తాం. లోకమంతా అలాగే రాస్తుందనుకున్నాను. పదకొండుంపావుకి విమానం దిగాను, పన్నెండూ యాభైకి రాజధానిలో రైలెక్కాను, ఒక్క నిమిషం తేడా రాలేదు. మీరేమో రేవులో నేను ఎక్కని ఓడ కోసం నిలబడి ఉంటారు. మీ పక్కింటావిడకి నా భాష రాదు. చేతులతో ఓడ చేసింది, అలలు చేసింది, తర్వాత నీ కుంటి నడక నడిచి చూపించింది. అది చూసి ఏడుపొచ్చింది.

ఇక అసలు సంగతి. ఎదురుగా చెప్పే ధైర్యం లేదు, అందుకే రాసి తలుపు కిందికి తోస్తున్నాను. ఓడ లేదు, రేవు బస్సు లేదు. తిరుగు ప్రయాణం అని ఆ రెండు వరుసలూ ఊరికే నింపాను. వెనక్కి వచ్చే వేళ లేకుండా షీటు రాయడానికి నాకు చెయ్యి ఆడదు. పది రోజుల సెలవు కూడా లేదు. అటు కిందటి నెలాఖరుకే నాకు రిటైర్మెంట్ అయిపోయింది. పూలదండ వేశారు, గోడ గడియారం ఇచ్చారు. మర్నాడు అలవాటుగా తెల్లారకముందే లేచి, ముఖం కడుక్కుని, ఎక్కడికి వెళ్ళాలో తెలియక మంచం మీద కూర్చున్నాను. ఆ వారమే నీ ఉత్తరం వచ్చింది. పదిరోజుల్లో వెళ్ళిపోయేదాన్నంటే మొహమాటం లేకుండా రానిస్తావని అలా రాశాను. వీసా తొంభై రోజులకి తీసుకున్నాను. నీ మోకాలు కోలుకునేదాకా ఉండనివ్వు. నాకూ భయంగానే ఉంది.

నీ అక్క

తా.క. కింద దుకాణం ముందు బెంచీ మీద ఉంటాను. ఇది చదివి కంగారుగా దిగి రావద్దు. కిటికీ దగ్గరికి వచ్చి చెయ్యి ఊపితే చాలు, నేనే ఎక్కి వస్తాను.