త్రివేణి ఇసుక గుంత ఉన్న ఎకరా గురించి

రాప్తాడు నివాసి, విశ్రాంత కామర్స్ అధ్యాపకుడు, కీ.శే. ఎర్రిస్వామి కుమారుడు మారుతి అనే నేను, అరవై ఆరేళ్ళ వయసులో, ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి తెలివితో రాస్తున్న వీలునామా. నా భార్య త్రివేణి పోయి పదకొండు నెలలు. బుద్ధి స్థిరంగానే ఉందని డాక్టరు ఇచ్చిన కాగితం జతపరిచాను. నాలుగో అంశం చదివాక నా కొడుకు ఆ కాగితం అడుగుతాడు.

1. ఇల్లు, బ్యాంకులో ఉన్నది కుమారుడు రాజేంద్రకు, కుమార్తె పద్మజకు సమంగా చెందాలి. ఇందులో చెప్పవలసినదేమీ లేదు. అమలు బాధ్యత పద్మజది.

2. త్రివేణి హైస్కూలు పతకాలు. నూరు మీటర్లు, ఎనిమిది వందల మీటర్లు, హైజంప్, లాంగ్‌జంప్, జావెలిన్. జిల్లా పోటీల్లో వరుసగా మూడేళ్ళు వ్యక్తిగత చాంపియన్. వేరుశనగ పొట్టు నింపిన గోనెసంచుల మీద పడుతూ హైజంప్ నేర్చుకున్న మనిషి. పతకాలు పద్మజకు. చిన్నప్పుడు వాటితో అంగడి ఆట ఆడి రెండు పోగొట్టింది. వాటి కోసం నన్ను అడగకూడదు.

3. బావమరిది సురేంద్రకు మా పెళ్ళిచూపుల నాటి ఫోటో. 1983లో సరిగ్గా రాష్ట్ర పోటీల రోజుకే ఆ ముహూర్తం కుదిరింది. మా మామ కుళ్ళాయప్ప ఆ రోజు కూతురితో అన్న మాట సురేంద్ర ఇప్పటికీ నవ్వుతూ చెబుతాడు: “జిల్లాలో గెల్చినావు కదమ్మా, మళ్ళా అదే దుంకేదానికి అంత దూరం పోవల్లనా?” ఒకసారి గెలిచినదాన్ని మళ్ళీ గెలవాలనుకోవడం ఆయనకు దురాశగా తోచింది. నేను గుత్తి నుంచి వెళ్ళి, ఆమె తెచ్చిన బజ్జీలు రెండు తిని, నచ్చిందన్నాను. ఆటల సంగతి పెళ్ళయ్యాక తెలిసింది. నలభై ఏళ్ళలో ఆమె ఒక్కసారే అన్నది: “ఆ పొద్దు గుత్తిలో మీ రైలు నిల్చిపోయింటే బాగుండు.” రైలు సమయానికే వచ్చింది.

4. హైవే పక్కన ఎకరా. వేరుశనగ నాలుగేళ్ళు వరుసగా ఎండిపోయాక త్రివేణి అక్కడ గుంత తవ్వించి ఇసుక పోయించింది. ఊరి బడి ఆడపిల్లలకు పొద్దున్నే లాంగ్‌జంప్ నేర్పేది. ఆ నేల నుంచి ఏదైనా పైకి లేవడం నేను అప్పుడే చూశాను. పిల్లలు ఇప్పటికీ వస్తున్నారు. రాజేంద్ర ప్లాట్లు వేద్దామంటాడు: “ఇసుక గుంత కోసం హైవే భూమి పెట్టుకుంటారా నాయనా ఎవరన్నా? జనాలు నగుతాండారు.” నగనీ.

ఈ ఎకరా రాజేంద్రకే రాస్తున్నాను. అమ్మే హక్కు మాత్రం ఒక షరతుకు లోబడి ఉంటుంది. వాళ్ళమ్మ పదో తరగతిలో దూకిన ఐదు మీటర్ల నాలుగు సెంటీమీటర్లు అతడు ఆ గుంతలో దూకాలి. మూడు అవకాశాలు. గీత తొక్కితే చెల్లదు. టేపు పట్టేది పద్మజ. వయసు మినహాయింపు లేదు. గడువూ లేదు. సాధన చేయదలిస్తే పొద్దున ఆరింటికి వచ్చి ఆడపిల్లల వెనక వరుసలో నిలబడవచ్చు.

షరతు అన్యాయమనిపించవచ్చు. పోయిన ఆదివారం ఇద్దరు సాక్షుల ఎదుట నేనే దూకి చూశాను. ఒక మీటరు ఎనభై. లేపడానికి ఇద్దరూ చెయ్యి అందించాల్సి వచ్చింది. లేచేలోపు, ఇసుకలో పడి ఉండి, ఆమె ఇంకా ఎంత ముందుకు పోయి దిగేదో చూశాను.

రాప్తాడు, 15 అక్టోబరు 2025.

(సంతకం) మారుతి

సాక్షులు:
ఆదెన్న, విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు
రెబెకా, పోలీసు కానిస్టేబుల్, త్రివేణి దగ్గర దూకడం నేర్చుకున్నది